మూటలు కట్టకముందే

ఇల్లు మారాలంటే సర్దేది ఎవరు? గిన్నెలు గోనెసంచిలో కట్టేదీ, దేవుడి పటాలు పాతచీరలో చుట్టేదీ, పిల్లల సర్టిఫికెట్లు బియ్యం డబ్బా అడుగున దాచేదీ ఆడవాళ్లే. కొత్త ఇంటి పట్టా మీద మాత్రం చాలాసార్లు ఆమె పేరుండదు. ఒక కుటుంబం తనంతట తాను ఇల్లు మారినప్పుడే ఇది అన్యాయం. ప్రభుత్వం ఊరిని ఊరంతా కదిలించినప్పుడు ఆ అన్యాయం రికార్డుకెక్కి స్థిరపడిపోతుంది.

ఉద్దానం తీరానికి ఈ ప్రశ్న కొత్తది కాదు. సంతబొమ్మాళి మండలంలో మూలపేట ఓడరేవుకు 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన చేశారు. మూలపేట, విష్ణుచక్రం గ్రామాల వారికి నౌపడ దగ్గర పునరావాస కాలనీ అన్నారు. 2025లో మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో విమానాశ్రయమన్న ప్రతిపాదన రాగానే రైతులు రోడ్డెక్కారు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను కూల్చిన కొబ్బరి, జీడి తోటలను మళ్లీ నాటుకుని, కాపు కోసం ఏళ్లకేళ్లు ఎదురుచూసినవాళ్లు వాళ్లు. భూమి ఇవ్వం అనడం వారి హక్కు. ఆ మాట దగ్గర మనం వారితో నిలబడాల్సిందే.

అయితే మన కార్యకర్తల్లో ఒక జంకు ఉంది. ‘కాగితాలు సిద్ధం చేసుకోండి’ అంటే ‘లొంగిపోండి’ అన్నట్టు వినిపిస్తుందేమోనని. ఆ జంకు వల్ల నష్టపోయేది ముందుగా ఒంటరి స్త్రీలే. పోరాటం గెలిస్తే ఆ కాగితాలు పెట్టెలో ఉంటాయి, పోయేదేమీ లేదు. ఓడితే, సర్వే జాబితాలో లేని మనిషి ఊళ్లో లేని మనిషే అవుతుంది.

2013 భూసేకరణ చట్టం, అంటే 2014 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చినది, ఈ విషయంలో మనకు కొంత బలమిచ్చింది. వితంతువు, విడాకులు పొందిన స్త్రీ, కుటుంబం వదిలేసిన స్త్రీ వేరే కుటుంబంగా లెక్కకు రావాలని అందులో రాసి ఉంది. పెళ్లి కాకపోయినా సరే, వయసొచ్చిన ప్రతి మనిషీ, ఆడైనా మగైనా, ఒక కుటుంబమే. భూమి లేకపోయినా, ఆ ప్రాంతంలో మూడేళ్లుగా కూలి చేసి బతుకుతున్న కుటుంబం కూడా బాధిత కుటుంబమే. తోటల్లో జీడిపిక్కలు ఏరే ఆమెకు ఈ సంగతి ఎవరు చెప్పారు? సర్వేకు వచ్చిన ఉద్యోగి అడిగేది ‘మీ ఇంటి పెద్ద ఎవరు?’ అని. అన్న పేరో కొడుకు పేరో రాసుకుని వెళ్లిపోతాడు. పుట్టింట్లో పదేళ్లుగా ఉంటున్న చెల్లెలు అక్కడే మాయమైపోతుంది.

అందుకే సర్దుడు సర్వే రోజునే మొదలవ్వాలి. రేషన్ కార్డు, ఆధార్, ఓటరు కార్డు, బ్యాంకు పుస్తకం ఆమె పేరుతో, ఆ ఊరి చిరునామాతో ఉన్నాయా? మొగుడు వదిలేశాడనడానికి రుజువేది అంటారు. విడాకుల కాగితం ఉండదు, పెద్దల తగవులో అయిపోయిన సంగతి. పెద్దల ముందు, సంఘం ముందు మాట రాయించి, ఎంపీడీవోకో తహశీల్దారుకో అర్జీ పెట్టి, రసీదు తీసుకుని దాచాలి. రసీదు లేని అర్జీ గాలికి చెప్పుకున్న గోడే.

చట్టం లెక్కల్లో సామాను తరలించడానికి 50,000 రూపాయలు, జీవన భృతి నెలకు 3,000 చొప్పున ఒక ఏడాది, ఒక్కసారి ఇచ్చే పునరావాస భత్యం 50,000 ఉన్నాయి. ఇవి ఎవరి ఖాతాలో పడతాయన్నదే అసలు సంగతి. ఇక ఇల్లు భార్యాభర్తలిద్దరి పేరనా ‘ఇవ్వవచ్చు’ అంది చట్టం, ‘ఇవ్వాలి’ అనలేదు. ఆ ‘వచ్చు’లో ఎన్ని ఇళ్లు భర్త ఒక్కడి పేరనే పోతాయో! ఇద్దరి పేరు రాయమని గ్రామసభలో ముందే తీర్మానం పెట్టించుకోవడం మన పని.

సామాజిక ప్రభావ అధ్యయనం జరుగుతుంది, బహిరంగ విచారణలో మాట్లాడొచ్చు అని చట్టం ఒక దారి చూపింది. 2018లో మన రాష్ట్రం చేసిన సవరణతో కొన్ని రకాల ప్రాజెక్టులకు అది లేకుండా చేసే వీలు వచ్చింది. కనుక ఆ విచారణ వచ్చేదాకా ఆగుదామనుకోవద్దు. 100 ఎకరాలు, అంతకు మించిన సేకరణకు పునరావాస కమిటీ వేయాలి, అందులో ఆ ప్రాంతపు మహిళా ప్రతినిధి ఉండాలి. సర్పంచి భర్తను కూర్చోబెట్టి చేతులు దులుపుకునే అలవాటు మనకు తెలియనిది కాదు. ఎవరిని పంపాలో సంఘం ముందే అనుకుని పేరివ్వాలి.

ఇంకొకటి, ఉద్దానానికి మాత్రమే చెందిన మాట. ఇక్కడ ఇంటికొక కిడ్నీ రోగి ఉన్న ఊళ్లున్నాయని చెప్పుకుంటారు. పలాసలో కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో తెరిచారు. వారంలో రెండు మూడుసార్లు డయాలసిస్‌కు తీసుకెళ్లేది సాధారణంగా భార్యో కోడలో. కాలనీ స్థలం చూపించినప్పుడు ‘ఇక్కడ్నుంచి పలాస బస్సు ఎన్ని గంటలకు?’ అని అడగాల్సింది ఆమే. నీటి పంపు ఎక్కడో, చేపలు ఎండబెట్టే చోటు ఎక్కడో, చీకటి పడ్డాక వీధి దీపం ఉంటుందో లేదో కూడా. స్థలం చూడ్డానికి మగవాళ్లు మాత్రమే వెళ్లి వచ్చిన ఊరికి మన కార్యకర్త మళ్లీ వెళ్లాలి, ఈసారి ఆడవాళ్లను ఆటోలో ఎక్కించుకుని.