దరువుకు మార్కులెలా వేయాలి?

"సంగీతం గురించి నీకేం తెలుసనిరా వ్యాసం రాస్తున్నావ్?" అని నా గదిమిత్రుడు అడగనే అడిగాడు. నిజమే, నాకు సరిగమలు రావు. కాని తాళం వేయడం వచ్చు. పాట వినపడితే బల్ల మీదో, మోకాలి మీదో తట్టని విద్యార్థి మన హాస్టల్లో ఎవడున్నాడు గనుక? ఆ మాత్రం అర్హతతోనే ఈ నాలుగు మాటలు.

కిందటేడు హిందూపురంలో జరిగిన ఒక పోటీకి పెనుకొండ దగ్గరి పల్లె కుర్రవాళ్ళు ఎనిమిదిమంది చెక్కభజన కట్టుకొని వచ్చారు. అందులో మా చిన్నాయన కొడుకు ఒకడు. కాళ్ళకు గజ్జెలు, చేతుల్లో చెక్కలు. గుండ్రంగా తిరుగుతూ అడుగులు వేస్తుంటే హాలంతా లేచి నిలబడింది. తీరా ఫలితాలు చూస్తే వాళ్ళ పేరే లేదు! ఎందుకని అడిగితే న్యాయనిర్ణేత ఒకాయన తన ఫోను చూపించాడు. అందులో పాట వేగం కొలిచే యాప్ ఉంది. "మొదలుపెట్టిన వేగం ఒకటి, ముగించిన వేగం ఒకటి. తాళం నిలవలేదు" అన్నాడు.

కుర్రవాళ్ళు మారుమాట్లాడకుండా చెక్కలు సంచిలో వేసుకొని బస్సెక్కారు. నాకు మాత్రం ఉక్రోషం ఆగలేదు. మావాడి దగ్గర ఆ భజన రికార్డు ఉంటే, రాత్రి గడియారం ముందు పెట్టుకొని కూర్చున్నాను.

ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. దరువుతోపాటు బల్ల తట్టుతూ 15 సెకన్లలో ఎన్ని వచ్చాయో లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేస్తే నిమిషానికి ఎన్ని దెబ్బలో తెలుస్తుంది. ఒక్కటే జాగ్రత్త. మొదటి దెబ్బను "ఒకటి" అనకూడదు, "సున్న" అనాలి. ఎందుకంటే మనం కొలిచేది దెబ్బకూ దెబ్బకూ నడుమనున్న కాలాన్ని. ఒక్కటి ఎక్కువ లెక్కిస్తే నిమిషానికి నాలుగు తేడా వస్తుంది.

మొదట్లో 84 వచ్చింది, చివర 136. అంటే న్యాయనిర్ణేతగారి లెక్క తప్పు కాదన్నమాట! మొహం వేలాడేసుకొని చిన్నాయన దగ్గరకు పోయాను. ఆయన నవ్వాడు.

"ఏమబ్బీ, మొదట్లోనే ఉరికితే మోకాళ్ళుండొద్దా? నిదానంగా ఎత్తుకోవల్ల. గురువు సైగ చేసినాకనే వడి పెంచేది. సైగ కాకముందే ఎవడన్నా ఉరికినాడనుకో, వానికి ఈపు పగుల్తాది!"

అప్పుడు మళ్ళీ మొదటినుంచీ తట్టి చూశాను. 84 చాలాసేపు కదలలేదు. తరువాత ఎనిమిదిమందీ ఒక్క పెట్టున 104కు ఎక్కారు. అక్కడా నిలిచారు. ఆపైన 136. రెండేరెండు మెట్లు, రెండూ గురువు సైగ మీదనే. ఆఖర్న ఒకడు అరదెబ్బ ముందుకు జారినమాట కూడా నిజమే. వాడు మావాడే! దానికి మార్కులు కోసివుంటే నేను నోరెత్తేవాణ్ణి కాదు.

కొలవడం చెడ్డదని నేననను. జర్మనీలో క్వాంజ్ అనే వేణువిద్వాంసుడు 1752లోనే, భోజనం చేసి ఉల్లాసంగా ఉన్న మనిషి నాడిని, అంటే నిమిషానికి సుమారు 80 దెబ్బలను, కొలతగా పెట్టుకోమన్నాడు. 1815లో మేల్జెల్ మెట్రోనోముకు పేటెంటు పుచ్చుకున్నాడు. మన కర్ణాటక సంగీతంలోనూ ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు చేత్తో లెక్కిస్తారు. ఎత్తుకున్న కాలప్రమాణం చివరిదాకా నిలపడం అక్కడ గొప్ప గుణం. అయితే కచేరీ కొలబద్దను చెక్కభజనకు పెట్టడం న్యాయమేనా? ధర్మవరం పట్టుమగ్గం దగ్గర ఒక పూట కూర్చోండి. చీర ఒంటిని నేసే చెయ్యి కొంగు దగ్గరికొచ్చేసరికి నిదానిస్తుంది. నేతగాడికి తాళం తప్పిందంటామా? ఆ ధర్మవరం పక్కనే నిమ్మలకుంట ఉంది. 2020లో పద్మశ్రీ అందుకున్న దళవాయి చలపతిరావుగారి ఊరు. తోలుబొమ్మలాటలో యుద్ధఘట్టం వస్తే ఆటగాళ్ళు కాళ్ళకింద చెక్కపలకలు దడదడలాడిస్తారు. అది కథ అడిగిన వేగం.

ఇంకొక సంగతి. ఒకే పాటకు ఒకడు నిమిషానికి 60 తట్టితే, పక్కవాడు 120 తట్టవచ్చు. ఇద్దరూ ఒప్పే. యంత్రమూ తరచు ఇక్కడే తికమకపడుతుంది. కనుక ఫోను చూపిన అంకెనే తీర్పు అనుకోవడం తొందరపాటు.

అందుచేత మన యూనియన్ పెద్దలకు నా మనవి. వచ్చే ఏడు జానపద పోటీలకు న్యాయనిర్ణేతలుగా కూర్చునేవారు పాట మొదలైంది లగాయతు ముగిసేదాకా చేత్తో తాళం వేస్తూ వినాలని నిబంధన పెట్టండి. మొదట, మధ్యన, చివర మూడుచోట్ల వేగం రాసుకోమనండి. అందరూ కలిసి పెంచారా, ఒకడు తప్పి ఉరికాడా అన్నది చూసి మార్కులు వేయమనండి. పోటీకి ముందు ఆ బృందం గురువును పిలిచి "మీ ఆటలో వడి ఎక్కడ పెరుగుతుందయ్యా?" అని ఒక్క మాట అడిగితే పోయేదేముంది?

మొన్న దసరా సెలవులకు పోయినప్పుడు మావాణ్ణి మళ్ళీ పోటీకి రమ్మన్నాను. "అడిగే నాథుడుంటే వస్తాం లేన్నా" అన్నాడు. వాడికి మనం ఏమని జవాబు చెబుదాం?