అంకె పలక మీద రాయండి
కంచరపాలెంలో క్యారమ్స్ బల్ల చుట్టూ చేరితే, వినికిడి లేని కుర్రాడికి పెద్ద ఇబ్బంది ఉండదు. రెడ్‌కి ఫాలో పడిందో లేదో కళ్లెదుటే తెలుస్తుంది. చిక్కల్లా తంబోలాతోనే. అంకెను నోటితో పిలుస్తారు. వినపడని మనిషి పక్కవాళ్ల చీటీలోకి తొంగిచూస్తూ వెనకబడిపోతాడు. పిలిచిన ప్రతి అంకెనూ పలక మీద పెద్దగా రాసి అందరికీ కనపడేలా ఎత్తి చూపితే ఆ చిక్కు తీరుతుంది. మిగతా ఆటల్లో వంతు ఎవరిదో వేలితో చూపాలి, అతనివైపు తిరిగి ఒక్కొక్కరే మాట్లాడాలి, వెలుతురు మొహాల మీద పడాలి. అందరూ నవ్వుతున్నప్పుడు ‘ఏంటి?’ అని సైగ చేస్తే ‘తర్వాత చెప్తాంలే’ అనడం క్రూరం. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 29వ సెక్షన్‌లో, వినోదంలోనూ సమాన భాగస్వామ్యం గురించి చెప్పింది. వచ్చే వినాయక చవితి పందిళ్లలో తంబోలా ఆడించే కాలనీ సంఘాలు మైకుతోపాటు ఒక పలక, సుద్దముక్క కూడా తప్పక పెట్టాలి.