రిపేరుకి రెండు గంటలు, వెతకడానికి మూడు రోజులు

పోస్టు కొంచెం పెద్దదే, చివరిదాకా చదవండి.

మొన్న గాలివానప్పుడు మా హాస్టల్ వాళ్లం ముగ్గురం ఆత్రేయపురంలో క్లాస్‌మేట్ ఇంట్లో ఉన్నాం. కొబ్బరి మట్ట 11 కేవీ తీగల మీద పడి కరెంటు పోయింది. లైన్‌మన్ బండేసుకుని కాలవ గట్టు వెంట వెళ్లాడు, గంటలోపే లైట్లొచ్చాయి. (పక్కింట్లో పూతరేకులు తీసే అక్క అసలు తల కూడా ఎత్తలేదు, ఆమెకి పొయ్యీ బోర్లించిన కుండా చాలు.) అదే వానకి ఏజెన్సీలో మా ఊళ్లకి కరెంటు వచ్చింది నాలుగో రోజు.

"మనోళ్లని ఎవడు పట్టించుకుంటాడు" అని తిట్టుకుని ఊరుకుంటాం. అందులో నిజం లేకపోలేదు. కానీ రిపేరుకి పట్టింది రెండు గంటలే. మిగతా మూడు రోజులూ ఫాల్ట్ ఎక్కడుందో వెతకడానికే పోయాయి. మనం అడగాల్సింది దీని గురించి.

11 కేవీ ఫీడర్ ట్రిప్ అయితే సబ్‌స్టేషన్‌లో మామూలుగా తెలిసేది ఫాల్ట్ వచ్చిందని మాత్రమే. లైన్‌మన్ మధ్యలో ఏబీ స్విచ్ తీసి, సబ్‌స్టేషన్‌కి ఫోన్ చేసి "ఛార్జ్ చెయ్యండి" అంటాడు. లైన్ నిలబడితే ఫాల్ట్ స్విచ్ అవతల ఉన్నట్టు, మళ్లీ ట్రిప్ అయితే ఇవతల. అలా ముక్క ముక్కా తగ్గించుకుంటూ పోవాలి. ఆత్రేయపురంలో ఫోన్ కలుస్తుంది, రోడ్డు ఉంది. మన దగ్గర కరెంటు పోయిన కాసేపటికి సెల్ టవర్ బ్యాటరీ కూడా అయిపోతుంది. ఒక్క ఫోన్ కోసం సిగ్నల్ ఉన్న గుట్ట దాకా నడిచి రావాలి. పిడుగుకి ఇన్సులేటర్ లోపల పగిలితే కింద నుంచి కంటికి కూడా కనపడదు.

మోతుగూడెం దగ్గర దిగువ సీలేరులో ఒక్కోటి 115 మెగావాట్ల యూనిట్లున్నాయి. అలాంటి చోట్ల నుంచి మైదానానికి పోయే పెద్ద లైన్లకి దూరం లెక్కగట్టే రిలేలు పెడతారు. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే ఫాల్ట్ ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో అంచనా వస్తుంది. 100 కిలోమీటర్ల లైన్లో 2 శాతం తేడా వచ్చినా 2 కిలోమీటర్లు. పొలాల్లో అయితే పర్లేదు, అడవిలో ఒక పూట పని. ఇంతకన్నా కచ్చితమైన పద్ధతీ ఉంది. ఫాల్ట్ దగ్గర పుట్టిన అల దాదాపు కాంతి వేగంతో రెండు చివరలకీ పోతుంది. జీపీఎస్ గడియారాలతో ఏ చివరకి ముందు చేరిందో చూస్తారు. 1 మైక్రోసెకను తేడా అంటే లైన్ మధ్య నుంచి సుమారు 150 మీటర్లు.

మా మీదుగా పోయే లైన్‌కి అన్ని తెలివితేటలు, మాకొచ్చే లైన్‌కి ఒక మనిషీ రెండు కాళ్లూ!

అవే మెషీన్లు మాకూ పెట్టమని అడగట్లేదు. మన ఫీడర్లకి కొమ్మలెక్కువ, ఒకే దూరం నాలుగు కొమ్మల్లో ఎక్కడైనా కావచ్చు. అడగాల్సింది చిన్నది: ప్రతి కొమ్మ మొదట్లో ఫాల్ట్ ఇండికేటర్. తీగకి తగిలించే దీపం అది. ఫాల్ట్ కరెంటు అటుగా పోతే మెరుస్తుంది. ఏ దారి పట్టాలో లైన్‌మన్‌కి అక్కడే తెలుస్తుంది. దాంతోపాటు మరిన్ని ఏబీ స్విచ్‌లు, లైన్ పోస్టుల్లో ఆ లోయ దారులు తెలిసిన మన పిల్లలు.

ఇంకోటి, తమ్ముళ్లకి. లైన్‌మన్ రాలేదని మీరే స్తంభం ఎక్కొద్దు. ఎల్‌సీ తీసుకోకుండా తీగ ముట్టడమంటే చావుని ముట్టడమే. తెగిన తీగ పొడి నేల మీదో రాయి మీదో పడితే కరెంటు తక్కువ పోతుంది, బ్రేకర్ పడకపోవచ్చు. తీగ పాములా పడి ఉంటుంది, ప్రాణంతోనే ఉంటుంది. దగ్గరికెళ్లకుండా, పశువుల్నీ పోనివ్వకుండా 1912కి చెప్పండి.

ఈ సెలవులకి ఊరెళ్లినప్పుడు మీ ఫీడర్ పేరు, అది ఎక్కడెక్కడ చీలుతుందో, ఆ స్తంభాల నంబర్లు రాసుకుని రండి. తీగల కింద నిలబడి కాదు, దారి మీద నుంచే. అర్జీ మేము రాస్తాం.