పని జరిపించే ఉత్తరం

సాహిత్య పత్రికకు అర్జీలతో, బాకీ ఉత్తరాలతో ఏం పని అని అడిగేవాళ్లు ఉంటారు. పని ఉంది. తెలుగువాళ్లలో కథ రాసేవాళ్లు కొద్దిమంది. కవిత్వం రాసేవాళ్లు ఇంకొంచెం ఎక్కువమంది. ఉత్తరం అవసరం పడనివాళ్లు మాత్రం ఎవరూ లేరు. పాసుపుస్తకంలో విస్తీర్ణం తప్పుపడిన రైతు, ఆగిపోయిన పింఛను కోసం తిరిగే ముసలామె, సరుకిచ్చి డబ్బు రాబట్టుకోలేని వ్యాపారి, జీతం బకాయిపడ్డ కాంట్రాక్టు ఉద్యోగి, వీళ్లందరి బతుకూ ఏదో ఒక రోజు ఒక కాగితం మీద ఆధారపడుతుంది. దాని మీద వాక్యాలు కుదిరితే పని జరగడానికి దారి పడుతుంది. కుదరకపోతే మళ్లీ తిరుగుడే. తెలుగులో ఇంత బరువు మోసే వచనాన్ని సాహిత్యకారులం మన పని కాదనుకుని వదిలేశాం. తిరిగి చేతిలోకి తీసుకోవాలని ఈ సంపాదకీయం కోరుతోంది.

ఈ రకం వచనానికి పుస్తకంలో చోటు ఇవ్వవచ్చని సి.పి. బ్రౌన్ ఎప్పుడో చూపించాడు. వేమన పద్యాలు సేకరించినందుకు, నిఘంటువు కూర్చినందుకు ఆయనను తలచుకుంటాం. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు వెలువడిన 1852లోనే మద్రాసులో ‘తెలుగు రీడర్’ అనే పుస్తకం కూడా అచ్చయింది. అందులో ఉన్నవి కావ్యఖండాలు కావు. సొంత ఉత్తరాలు, వ్యాపారపు ఉత్తరాలు, పోలీసు, రెవెన్యూ వ్యవహారాల కాగితాలు, వాటికి ఇంగ్లీషు అనువాదాలు. జనం తమ గోడును, తమ లెక్కను, తమ తగాదాను ఏ మాటల్లో కాగితం మీద పెడుతున్నారో తెలియకపోతే తెలుగు వచ్చినట్టు కాదన్నది ఆ కూర్పు వెనకున్న ఆలోచన. ఆ తర్వాత గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం జీవితమంతా పోరాడారు. ఆ గెలుపు కథల్లోకి, పత్రికల్లోకి, పాఠ్యపుస్తకాల్లోకి వచ్చింది. అర్జీలోకి మాత్రం సగమే వచ్చింది. ఇప్పటికీ ఎన్నో అర్జీలు ‘తమరి దివ్యసముఖమునకు సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా’ అనే మొదలవుతున్నాయి.

వ్యాపారం వేరు, సాహిత్యం వేరు అనుకోవడానికి మన చరిత్ర ఒప్పుకోదు. కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం వ్యాపారం పెట్టారు. 1908లో అక్కడి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రికగా వచ్చింది. 1924లో మద్రాసులో ‘భారతి’ మొదలైంది. తెలుగు సాహిత్య పత్రికలకు కొలబద్దగా నిలిచిన పత్రిక వెనక ఒక వ్యాపారి ఉన్నాడు. దుకాణం గడప దాటాక ఒక తెలుగు, గడప ఇవతల ఒక తెలుగు ఉండాల్సిన పని లేదు.

ఇప్పటి సంగతి చూద్దాం. సోమవారం జిల్లా కలెక్టరేటుకు వెళ్తే అర్జీల తెలుగు ఎలా ఉందో తెలుస్తుంది. ఆ రోజు అర్జీలు తీసుకునే కార్యక్రమాన్ని తెలంగాణలో ప్రజావాణి అంటారు, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటారు. క్యూలో నిలబడ్డవాళ్ల చేతుల్లోని కాగితాలు చాలావరకు ఒకే అచ్చులో ఉంటాయి. పైన గౌరవ వాచకాలు, ఆ కింద కుటుంబ చరిత్ర, తర్వాత పడ్డ కష్టాలు, చివరి వరుసలో ‘కావున దయతలచి న్యాయం చేయగలరు’. ఏ న్యాయం? ఎవరు చేయాలి? ఎప్పటిలోగా? కాగితం చెప్పదు. రాసినవాళ్ల మీద నెపం వేయడం తప్పు. వాళ్లకు మనం నేర్పిన పద్ధతే అది.

ఆ కాగితం తర్వాత ఎలా నడుస్తుందో తెలిస్తే ఎలా రాయాలో తెలుస్తుంది. పై అధికారికి దాన్ని చూడడానికి ఒకటి రెండు నిమిషాలకు మించి ఉండదు. సంబంధిత శాఖకు పంపమని రాసి పక్కన పెడతారు. అక్కడ అది తపాలుగా చేరి, నంబరు పడి, ఒక గుమాస్తా బల్ల మీదకు వస్తుంది. ఆయన దాని సారాంశాన్ని నాలుగు వాక్యాల్లో నోటుగా రాసి పైకి పెడతాడు. సంతకం చేసే అధికారి చాలాసార్లు చదివేది ఆ నోటునే. అంటే మీ ఉత్తరం మొదటి పేరా గుమాస్తా ఉన్నదున్నట్టు ఎత్తి నోటులో రాసుకోగలిగేలా ఉండాలి. మీరు చెప్పకుండా వదిలేసినదాన్ని ఆయన ఊహించి రాయడు. మీరు కలగాపులగం చేసినదాన్ని విడదీసే తీరిక కూడా ఆయనకు ఉండదు.

ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. ‘నేను నిరుపేద రైతును. మా తాతగారి కాలం నుంచి సాగుచేసుకుంటున్న భూమి విషయమై ఎన్నోసార్లు కార్యాలయం చుట్టూ తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. కావున నాకు న్యాయం చేయగలరు’ అని రాసిన మనిషి, అదే బాధను ఇలా కూడా రాయవచ్చు: ‘సర్వే నంబరు 112లో నా భూమి 2 ఎకరాల 10 గుంటలు. పాసుపుస్తకంలో 1 ఎకరం 10 గుంటలుగా పడింది. సరిచేయాలని కోరుతున్నాను. రిజిస్టర్డ్ దస్తావేజు, పాత పాసుపుస్తకం నకళ్లు జతచేశాను. ఇదే విషయమై మార్చి 4న ఇచ్చిన అర్జీకి జవాబు రాలేదు. దాని రసీదు నకలు కూడా జతలో ఉంది. కొలతలు వేసే తేదీని నాకు రాతపూర్వకంగా తెలపండి.’

రెండో దానిలో కన్నీళ్లు లేవు. కానీ ఆ మనిషి మొదటిదానిలోకంటే నిటారుగా నిలబడి ఉన్నాడు. అడగాల్సింది మొదట అడిగాడు. అంకెలు, తేదీలు, ఆధారాలు ఒకదాని వెనక ఒకటి పెట్టాడు. ‘ఎన్నోసార్లు తిరిగాను’ అంటే ఎవరైనా కాదనవచ్చు. రసీదు నకలు జతచేస్తే కాదనడం కష్టం. చివరగా అవతలివాళ్లు చేయాల్సిన తర్వాతి పని ఏమిటో స్పష్టంగా చెప్పాడు. మంచి వ్యవహార లేఖకు ఇంతకుమించి రహస్యం లేదు. ఎవరు రాస్తున్నారు, ఏం కావాలి, ఏ ఆధారం మీద అడుగుతున్నారు, ఎప్పటిలోగా కావాలి అనే నాలుగు ప్రశ్నలకు మొదటి పుటలోనే జవాబు దొరకాలి. ఒక ఉత్తరంలో ఒకటే విషయం ఉండాలి. భూమి సమస్య, రేషన్ కార్డు సమస్య ఒకే కాగితం మీద రాస్తే అది వెళ్లాల్సిన బల్లలు రెండవుతాయి, చేరేది ఒక్క బల్లకే. జత చేసిన కాగితాలకు నంబర్లు వేసి ఉత్తరం చివర వాటి పట్టిక ఇవ్వాలి. ఇచ్చిన ప్రతిదానికీ నకలు మన దగ్గర ఉండాలి, దాని మీద అందినట్టు ముద్ర వేయించుకోవాలి.

వ్యాపారంలో ఉత్తరం విలువ ఇంకా సూటిగా కనిపిస్తుంది. గుంటూరు మిర్చి యార్డులోనైనా, వరంగల్ ఏనుమాముల మార్కెట్లోనైనా, సిరిసిల్ల మగ్గాల దగ్గరైనా మాట మీద నడిచే బేరాలు చాలా ఉంటాయి. ఆ నమ్మకం గొప్పది. దాన్ని కాపాడుకోవడానికే రాత కావాలి. ‘నిన్న ఫోనులో అనుకున్న ప్రకారం ఫలానా రకం ఇన్ని బస్తాలు, ఈ ధరకు, ఈ తేదీకి పంపుతున్నాం. లారీ కిరాయి మీది. డబ్బు 30 రోజుల్లో ఇస్తామన్నారు. ఇందులో ఏదైనా తేడా ఉంటే రేపటిలోగా తెలపండి’ అని అదే రోజు నాలుగు వాక్యాలు రాసి పంపితే ఆరు నెలల తర్వాత వచ్చే తగాదా ముందే తీరిపోతుంది. స్నేహం చెడుతుందేమోనని రాయకుండా ఊరుకుంటారు. నిజానికి ఎవరి జ్ఞాపకం సరైనదో తేలకపోవడం వల్లనే ఎక్కువ స్నేహాలు చెడతాయి.

బాకీ రాబట్టే ఉత్తరం మరీ సున్నితమైనది. మొదటిది గుర్తు చేయాలి, అంతే. మర్చిపోయి ఉంటారన్న మర్యాద అందులో ఉండాలి. రెండోదానిలో బిల్లు నంబరు, మొత్తం, దాటిపోయిన గడువు, కొత్త గడువు ఉండాలి. మూడోదానిలో డబ్బు ఇవ్వకపోతే తర్వాత ఏం చేస్తామో చెప్పాలి, చేయగలిగినదే చెప్పాలి. మూడు ఉత్తరాలూ ఒకే గొంతుతో మాట్లాడాలి. తిట్లు ఒక్కసారి రాతలోకి వస్తే అసలు బాకీ పక్కకు పోయి తిట్టే అసలు విషయమవుతుంది.

ఇలాంటి ఉత్తరాలకు చట్టం ఎంత విలువ ఇస్తుందో చాలామందికి తెలియదు. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం మామూలు బాకీ దావాకు మూడేళ్ల గడువు. ఆ గడువు తీరకముందే బాకీదారు తన అప్పును ఒప్పుకుంటూ సంతకం చేసిన ఉత్తరం ఉంటే, ఆ సంతకం నాటి నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది. ‘ఇవ్వాల్సింది నిజమే, సంక్రాంతి దాకా ఆగండి’ అన్న ఒక్క వాక్యానికి అంత శక్తి ఉంది. చెక్కు చెల్లక తిరిగివస్తే, ఆ సంగతి బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజుల్లోగా రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. అది అందాక చెల్లించడానికి అవతలివారికి 15 రోజులు ఉంటాయి. ఆ నోటీసులో చెక్కు మొత్తాన్ని స్పష్టంగా అడగాలి. దాన్ని వేరే లెక్కలతో కలిపేసి, చెక్కు సొమ్ము ఎంతో విడిగా తేలకుండా అడిగితే నోటీసు నిలవదని సుప్రీంకోర్టు చెప్పింది. వాక్యం స్పష్టంగా లేకపోతే కేసే పోతుందన్నమాట. స్పష్టత కేవలం శైలికి సంబంధించిన విషయమని ఇక ఎవరూ అనలేరు.

కాదని చెప్పే ఉత్తరం రాయడం అన్నిటికంటే కష్టం. రుణం ఇవ్వలేమనే బ్యాంకు, దరఖాస్తు తోసిపుచ్చే కార్యాలయం, ఉద్యోగం లేదనే సంస్థ, కథ వేసుకోలేమనే పత్రిక, అందరూ ఇది రాయాల్సిందే. ‘మీ దరఖాస్తు తిరస్కరించడమైనది’ అంటే సరిపోదు. తిరస్కరించింది ఎవరు, ఏ కారణంతో, దీనిపై ఎవరికి చెప్పుకోవచ్చు? 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, ప్రభుత్వ కార్యాలయాలు తమ నిర్ణయాలకు కారణాలను ఆ నిర్ణయం తగిలిన మనుషులకు తెలపాలని చెబుతోంది. చట్టం అడగకపోయినా మర్యాద అడుగుతుంది. కాదన్న మాట మొదటి రెండు వాక్యాల్లోనే రావాలి. ఆ వెంటనే నిజమైన కారణం రావాలి. ఆపైన, నిజంగా ఉంటే, మరో దారి చూపాలి. లేని ఆశ పెట్టే ఉత్తరం సున్నితంగా ఉన్నట్టు కనిపిస్తుంది గానీ, అది అవతలి మనిషి కాలాన్ని దోచుకుంటుంది.

ఇవాళ ఉత్తరాల్లో చాలా భాగం ఫోనులో, ఈమెయిలులో వెళ్తోంది. 2013 జూలైలో మన దేశంలో తంతి (టెలిగ్రాం) సేవ ఆగిపోయింది. మాటకింతని డబ్బు కట్టిన ఆ రోజుల్లో జనం అనవసరమైన మాట రాసేవాళ్లు కాదు. ఇప్పుడు మాటకు ఖర్చు లేదు, అందుకే పొదుపు మనమే పాటించాలి. ఈమెయిలుకు విషయం వరుసలో ‘అత్యవసరం’ అని రాస్తే ఏమీ తెలియదు. ‘బిల్లు నంబరు 418: రూ.36,000 చెల్లింపు’ అని రాస్తే తెరవకముందే సగం పని అవుతుంది. వాట్సాప్‌లో ఒక్కో ముక్కగా పంపిన ఏడు సందేశాలకంటే, తేదీతో ఒకచోట కూర్చిన ఒక్క సందేశం మేలు. రేపు ఎవరికైనా చూపించాల్సి వస్తే అదే నిలబడుతుంది.

ఇవన్నీ తెలుగులో సాధ్యమేనా అన్న అనుమానం కొందరికి ఉంది. సాధ్యమే, హక్కు కూడా. 1966లో ఆంధ్రప్రదేశ్ అధికార భాషా చట్టం వచ్చింది. 1974లో వావిలాల గోపాలకృష్ణయ్య మొదటి అధ్యక్షుడిగా అధికార భాషా సంఘం ఏర్పడింది. సమాచార హక్కు దరఖాస్తును ఆ ప్రాంతపు అధికార భాషలో రాయవచ్చని ఆ చట్టమే చెబుతోంది. సమాచారం ఎందుకు కావాలో కారణం చెప్పనక్కర్లేదని కూడా చెబుతోంది. అర్జీ, దరఖాస్తు, రసీదు, నకలు, జవాబు, బాకీ, గడువు: ఉర్దూ నుంచి వచ్చినవో, మన నేలలో పుట్టినవో, ఈ మాటలన్నీ జనం నోట్లో ఉన్నాయి. మనకు తెలుగు మాటల కరువు లేదు. ఆ మాటలతో తిన్నగా అడగవచ్చన్న ధైర్యానికే కరువు. పాఠశాలలో లేఖారచన అంటే తేదీ ఏ మూల వేయాలి, సంబోధన ఏమిటి, ముగింపు ఏమిటి అన్నదాని దగ్గరే ఆగిపోతోంది. వాటికి మార్కులు ఉండవచ్చు. అడిగిన విషయం స్పష్టంగా ఉందా లేదా అన్నదానికి వాటికంటే ఎక్కువ మార్కులు ఉండాలి.

తెలుగు ఉపాధ్యాయులను ఒకటి కోరుతున్నాం. ఊహా మిత్రుడికి విహారయాత్ర గురించి రాయించే బదులు, ఊళ్లో నిజంగా ఉన్న సమస్య మీద, నిజంగా ఉన్న కార్యాలయానికి పిల్లలతో ఉత్తరం రాయించండి, పంపించండి, జవాబు వచ్చేదాకా వెంటపడటం నేర్పండి. సాహితీ సంస్థలను కూడా ఒకటి కోరుతున్నాం. పుస్తకావిష్కరణలు జరిగే గ్రంథాలయంలోనే నెలకొక రోజు బల్ల వేసుకుని, ఉత్తరం అవసరమైనవాళ్లకు రాసిపెట్టండి. రాసిపెట్టేటప్పుడు మన పాండిత్యం చూపించుకోకూడదు. మొదట వాళ్లు చెప్పేది పూర్తిగా వినాలి. రాసింది పైకి చదివి వినిపించాలి. వాళ్లు ‘నేను చెప్పింది ఇదే’ అన్నాకే సంతకం చేయించాలి. తన ఉత్తరం తనకు అర్థమైన మనిషి, అధికారి ఎదురు ప్రశ్న వేసినప్పుడు తడబడకుండా జవాబు చెప్పగలడు. వాక్యం నడక తెలిసినవాళ్లు తోటివాళ్లకు చేయగలిగిన సాయం ఇది. దీనికి పురస్కారాలు రావు, దీన్ని చేయకుండా ఉండటానికి మనకు కారణమూ లేదు.