నిండు గీతలు, అందని మాట

క్రిందటి సంవత్సరము కవిటి వైపు నుండి వచ్చే మన విద్యార్థి ఒకడు ఉపకార వేతనపు దరఖాస్తు గడువు దాటిన తరువాత మా ఎదుట నిలిచినాడు. "ఫోనులో గీతలన్నీ నిండుగానే ఉన్నవి సార్, ఫారము మాత్రము పోలేదు" అన్నాడు. మేము నమ్మలేదు, సాకు అనుకొన్నాము. తరువాత భౌతికశాస్త్ర మిత్రులను అడిగి, కొంత చదివి చూడగా అతడు చెప్పినది అక్షరాలా జరుగగల సంగతే అని తేలినది. సిగ్గుపడుతూనే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

4జి టవరు మన మాటలను మాత్రమే పంపదు. ఫోనుకు ముందే తెలిసిన కొన్ని గుర్తులను కూడ ఎడతెగక పంపుతూ ఉంటుంది. వీనినే రిఫరెన్స్ సిగ్నల్స్ అంటారు. మనము సూచక సంకేతములు అందాము. పంపినది ఇది, అందినది ఇది అని పోల్చి, దారిలో తరంగము ఎంత చిక్కినదో, ఎట్లు మారినదో ఫోను లెక్కగట్టుకొని, ఆ లెక్కతోనే అసలు మాటను చదువుకొంటుంది. ఇది బట్టల కొట్టులోని గజపుబద్ద వంటిది. బద్దయే తప్పయితే ఎంత మంచి గుడ్డయినా కొలతకు రాదు. ఫోనులో కనబడే గీతలు ముఖ్యముగా ఈ సంకేతముల బలమునే చూపుతవి. ప్రక్క టవరు చేసే రొద ఎంతో అవి చెప్పవు.

మన కళాశాలవారికి ఇది తెలియని అనుభవము కాదు. ఒకే హాలు నడుమ చెక్క తడిక పెట్టి అటు ఉర్దూ తరగతి, ఇటు తెలుగు తరగతి నడిపిన రోజులున్నవి. (కమిటీవారు అన్యథా భావింపరాదు.) ఇద్దరు అధ్యాపకులు ఒకే నిమిషమున, ఒకే భాషలో హాజరు పిలిచినచో ఏడవ నంబరువాడు ఎవరికి బదులు పలుకవలెను? ఒకరు గొంతు పెంచితే రెండవవారూ పెంచుతారు. ఒకరు అయిదు నిమిషములు ఆగి పిలిస్తే చిక్కు విడిపోతుంది. అటు "సాత్", ఇటు "ఏడు" అన్నా కొంత తేడా తెలుస్తుంది.

టవర్ల ఇంజనీర్లు చేసేదీ ఇదే. 4జిలో ఒక్కొక్క సెల్‌కు ఇచ్చే గుర్తింపు సంఖ్యలు మొత్తము 504. రెండు ఆంటెనాల సెల్‌లో ఆ సంఖ్యను 3తో భాగింపగా వచ్చే శేషమును బట్టి సూచక సంకేతముల స్థానము మారుతుంది. అనగా స్థానములు మూడే. ఇరుగుపొరుగు సెల్‌లకు ఒకే శేషము వచ్చినచో బద్ద మీద బద్ద పడుతుంది. శేషములు వేరైతే ఒకదాని సంకేతము రెండవదాని మాటల మీద పడుతుంది. కాని అది ముందే తెలిసిన గుర్తు కనుక, ఆ నేర్పు గల ఫోను దానిని లెక్కగట్టి తీసివేయగలదు. ఆంటెనాను కొంచెము క్రిందికి వంచడము మరొక ఉపాయము. 2022 అక్టోబరులో మన దేశమున ప్రారంభమైన 5జి ఎడతెగని సంకేతములను చాలవరకు విడిచి అవసరమైనప్పుడే పంపుతుంది. అయినా మన పల్లెలలో 4జి పని తీరిపోలేదు.

ఉద్దానము ఇందుకు కష్టమైన చోటు. కొబ్బరి, జీడి, పనస తోటలు దగ్గరి టవరు బలమును తగ్గిస్తవి. ఇసుక తీరమున, సముద్రము మీద అడ్డు లేనందున దూరపు టవర్లు కూడ చేరతవి. నాలుగైదు సమముగా వినబడి, ఏదీ తేటగా వినబడదు. ఇచ్ఛాపురము దాటితే ఒడిశా. టెలికాం లెక్కలో అది వేరే సర్కిలు. ఒకే కంపెనీ రెండు వైపులా ఒకే తరంగస్థానమును వాడేచోట ఈ సంఖ్యల లెక్క సరిహద్దు వద్ద ఆగిపోరాదు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస సమీపమున తీరము దాటినది. కరెంటు స్తంభములు కూలి ఫోనులు మూగపోయినవి. ఆ నేరమును సంకేతముల ఘర్షణ మీద వేయరాదు. కాని తుఫానుకు ముందు రాత్రి హెచ్చరిక అందవలసిన మత్స్యకారునికి, డయాలిసిస్‌కు పలాస చేరవలసిన రోగికి నిండు గీతలు చాలవు.

మన అర్జీలన్నీ "మరొక టవరు వేయించండి" అనియే ముగుస్తున్నవి. మందస కొండ గూడెముల వంటి, సంకేతమే అందనిచోట అది న్యాయమే. ఇప్పటికే రొద ఉన్నచోట లెక్క చూడక నిలిపిన టవరు తడిక ప్రక్కన మూడవ గొంతు అవుతుంది. అక్కడ అడుగవలసినది సంఖ్యల సవరణ, ఆంటెనాల వంపు, రొదతో పోల్చిన సంకేతపు కొలత.

ఆ కొలతను, సెల్ సంఖ్యను చూపే ఉచిత యాప్‌లు ఉన్నవి. టెక్కలి నుండి పలాస, సోంపేట మీదుగా ఇచ్ఛాపురము వరకు బస్సులో పోతూ ఊరూరా వ్రాసికొనుటకు భౌతికశాస్త్ర విద్యార్థులు నలుగురు చాలును. బస్సు ఖర్చులు కమిటీవారు మంజూరు చేయవలెనని మా కోరిక. ఆ పట్టికను జతపరచి పంపే అర్జీ మీద మొదటి సంతకము కవిటి విద్యార్థిది కావలెను.