కర్రలేని కావలివాడు

మాట నడుమ ఫోను తెగిపోవుట నేడు మన పట్టణములలో ఎంత మామూలైనదనగా, అందులకు కోపగించుకొనుటయు జనులు మానివేసిరి. మరల అదే నంబరు నొక్కి, వరండాలోనికో మేడమీదికో పోయి మాటాడుచున్నారు. సొమ్ము ముందుగా చెల్లించి, సరకు సగమే పుచ్చుకొని, మారుమాటాడక పోవు కొనుగోలుదారు మరే యంగడిలోను కానరాడు. ఈ వర్తకమును కనిపెట్టి యుండుటకు దేశమున నొక సంస్థ యున్నది. అది చూచుచున్నది, కొలుచుచున్నది. కాని తప్పుచేసిన వానిని గట్టిగా పట్టజాలకున్నది. ఇది యెందులకో విచారింపవలసియున్నది.

1885 నాటి టెలిగ్రాఫు చట్టమును పరప్రభుత్వము తన సౌకర్యమునకై చేసికొన్నది. తంతి సర్కారుది, లైసెన్సు సర్కారుది, తీర్పును సర్కారుదే. స్వరాజ్యము వచ్చిన పిమ్మటను చిరకాల మాచట్టమే మనల నేలినది. 1994 నాటి జాతీయ విధానముచే ప్రైవేటు కంపెనీలకు తలుపులు తెరవబడగా, వర్తకుడును తీర్పరియు నొకడే యగుట న్యాయము గాదని గుర్తించి, 1997లో పార్లమెంటు ట్రాయ్ అను నియంత్రణ సంస్థను స్థాపించినది. 2000లో జరిగిన సవరణచే వివాదముల విచారణ ప్రత్యేక ట్రిబ్యునలునకు పోయినది. లైసెన్సు నిచ్చుటయు, రద్దుచేయుటయు మాత్రము ప్రభుత్వశాఖ చేతిలోనే నిలిచినవి.

కొలుచు పనిలో ట్రాయ్ కొంత ముందంజ వేసిన మాట నిజము. కంపెనీలు పంపు లెక్కలను తనిఖీ చేయించుచున్నది. పరికరములు గల బండ్లను వీధులవెంట నడిపించి పరీక్షలు జరిపించుచున్నది. తెగిపోవు మాటలు నూటికి రెండు మించరాదని నియమము. అయితే బహుకాలము ఈ లెక్క లైసెన్సు ప్రాంత మంతటికిని సగటుగా కట్టబడెను. మన తెలుగువారి సంగతియే చూడుడు: 2014లో రాష్ట్రములు రెండైనను లైసెన్సు ప్రాంతము నేటికిని ఒక్కటియే. హైదరాబాదు నగరమును, ఏజెన్సీలోని కొండపల్లెయు నొకే పద్దున చేరినవి. ఆ సగటు మాటున ఎన్నిపల్లెలు మూగవోయినను కాగితముమీద అంతయు సవ్యమే. 2017లో చేసిన మార్పులచే ఈ మరుగు కొంత తొలగినది. 2024 అక్టోబరునుండి అమలైన క్రొత్త నిబంధనలు ఇంకను ముందునకు పోయినవి. కంపెనీలు తమ సేవ యెచ్చట గలదో పటముల రూపమున ప్రకటింపవలయును. ఒక జిల్లాలో సేవ యిరువదినాలుగు గంటలకు మించి నిలిచిపోయిన, చందాదారునకు పరిహార మీయవలయును. ఇవి మెచ్చదగినవి.

ఇక శిక్ష మాట. ఈ నిబంధనల క్రింద విధింపదగిన మొత్తము లక్షతో మొదలై పది లక్షలతో ఆగుచున్నది. వేలకోట్లు గడించు వర్తకునకు ఇది దండన గాదు, ఖర్చుల ఖాతాలో నొక చిన్న పద్దు. 1997 నాటి చట్టములోని 29వ సెక్షను చెప్పు జరిమానా మొదటి తప్పునకు లక్ష, తరువాతి దానికి రెండు లక్షలు. అదియును మేజిస్ట్రేటు కోర్టులో ఫిర్యాదు చేసి సాధింపవలసినదే.

ఇంతకన్న ముందునకు పోవ యత్నించినప్పు డేమి జరిగినది? తెగిన ప్రతి మాటకు రూపాయి చొప్పున, దినమునకు మూడు రూపాయలకు మించకుండ, చందాదారునకు చెల్లింపవలయునని 2015లో ట్రాయ్ శాసించెను. 2016 మే నెలలో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసెను. నూటికి రెండను హద్దులోపల నున్న కంపెనీని సైతము శిక్షించుట నిర్హేతుకమనియు, చట్ట మొసగిన అధికారమును మించినదనియు తీర్పు. న్యాయశాస్త్రరీత్యా ఆ తీర్పును మేము తప్పుపట్టము. లోపము తీర్పులో లేదు, చట్టములో నున్నది.

రెండవ యుదాహరణము. 2016లో జియో సేవలు మొదలిడినప్పుడు, దాని చందాదారులు ఇతరులతో మాటాడుటకు వలయు సంధిమార్గములను మూడు పాతకంపెనీలు చాలినన్ని యీయలేదని ట్రాయ్ నిర్ణయించి, 3,050 కోట్ల రూపాయల జరిమానాను సిఫారసు చేసెను. సిఫారసే, విధించు నధికారము ప్రభుత్వశాఖది. ఆ శాఖ చెల్లింపుడని కంపెనీలను కోరినది 2021లో! అయిదేండ్లకు లేచిన చేయి ఎవరిని భయపెట్టగలదు?

కంపెనీల వాదమును వినవలసినదే. టవర్లకు చోటు దొరకుట లేదనియు, ఇరుగుపొరుగు వారు అడ్డు తగులుచున్నారనియు, బకాయిల భారము క్రుంగదీయుచున్నదనియు వారందురు. ఇందు కొంత సత్యము లేకపోలేదు. కాని నష్టములో నున్నానని చెప్పి తూకము తగ్గించు కోమటిని మనము క్షమింతుమా?

దీనికితోడు మరొక చిక్కు. సర్కారునకు స్వంతముగా బి.ఎస్.ఎన్.ఎల్. గలదు. బకాయిలు వాటాలుగా మారుటచే 2025లో వొడాఫోన్ ఐడియాలో దాదాపు సగము వాటా సర్కారునకు సంక్రమించినది. 2023లో చేసిన టెలికాం చట్టము అయిదు కోట్ల వరకు దండనను పేర్కొన్నది, మంచిదే. అయితే దానిని నిర్ణయించు అధికారులను నియమించునది కేంద్రప్రభుత్వమే. వర్తకుడును తీర్పరియు నొకడు గారాదని 1997లో బయలుదేరిన మనము, చుట్టు తిరిగి బయలుదేరిన చోటికే చేరుచున్నాము.

కావున మా కోరిక యిది. నోటీసు నిచ్చి, విచారణ జరిపి, కంపెనీ రాబడికి తగినట్లు జరిమానా విధించు నధికారమును చట్టముద్వారా ట్రాయ్‌కే ఒసగవలయును. దానిపై ట్రిబ్యునలునకు అప్పీలుండవలయును. వసూలైన సొమ్ములో భాగము ఖజానాకు గాక, నష్టపడిన చందాదారునకు చేరవలయును.

చట్టము మారువరకు మనము చేతులు ముడుచుకొని కూర్చుండ నక్కరలేదు. టెలికాం కంపెనీలపై వినియోగదారుల కమిషనుకు పోవచ్చునని 2022లో సుప్రీంకోర్టు స్పష్టముగా తీర్పు చెప్పినది. మొదట కంపెనీకి వ్రాతమూలముగ ఫిర్యాదు చేయుడు, దాని నంబరు భద్రపరచుడు, అప్పీలు చేయుడు, పిమ్మట కమిషను తలుపు తట్టుడు. ప్రతి పఠనమందిరమును తన పేట పటమును తెరచి, అందు సేవ గలదని చూపినచోట నిజముగా మాట వినబడుచున్నదో లేదో సరిచూచినచో, కొలుచుటలో జనులును భాగస్వాములగుదురు. చేను మనది. కావలివానికి కర్ర నిమ్మని అడుగవలసినవారము మనమే.