బాలింత బిచ్చమడగడం లేదు

గర్భిణులకు, బాలింతలకు కనీసం 6,000 రూపాయల ప్రసూతి సాయం అందాలని 2013లో పార్లమెంటు జాతీయ ఆహార భద్రతా చట్టంలో రాసింది. సర్కారు ఉద్యోగులు, వేరే చట్టాల కింద అలాంటి మేలు అందుకునేవాళ్ళు తప్ప మిగతా తల్లులందరికీ అది హక్కు. ఎన్నో కాన్పని ఆ చట్టం అడగలేదు. ఆడో మగో అని అంతకన్నా అడగలేదు.

అడిగింది పాలకులు. నాలుగేళ్ళు నాన్చి 2017లో ప్రధానమంత్రి మాతృ వందన యోజన తెచ్చారు. తెస్తూనే 6,000ను 5,000 చేశారు. మిగతాది ఆస్పత్రి కాన్పుకిచ్చే జననీ సురక్ష డబ్బుతో సరిపోతుందట! అదీ తొలి కాన్పుకే. 2022 నుంచి రెండో కాన్పునూ చేర్చారు, పుట్టింది ఆడపిల్లయితేనే. ఆడపిల్లను ఆదరించండి, వద్దన్నదెవరు? కానీ మగబిడ్డను కన్న తల్లికి నెత్తురు తక్కువ పోయిందా? పైగా ఆడో మగో తేలేది కాన్పయ్యాకే. అంటే రెండోసారి కడుపుతో ఉన్నన్నాళ్ళూ ఈ పథకం కింద ఆమె చేతికి పైసా రాదు. తినాల్సిన తొమ్మిది నెలలూ గడిచాక తిండి డబ్బు!

ఆ డబ్బుకైనా ఎన్ని గడపలు! ఆధార్, దానికి లింకైన బ్యాంకు ఖాతా, తల్లీబిడ్డల కార్డు, అర్హురాలినని చూపే మరో కాగితం. తొలిచూలు కాన్పుకు పుట్టింటికి వెళ్ళడం మన ఆనవాయితీ. కార్డు అత్తగారి ఊళ్ళో, కాన్పు అమ్మగారి ఊళ్ళో. ఆధార్‌లో పుట్టింటి ఇంటిపేరు, పాసుబుక్కులో అత్తింటిది. ఆ తేడా సరిచేయించుకోవడానికి పచ్చి బాలింత చంటిబిడ్డతో కౌంటర్ల ముందు నిలబడాలి. పద్దెనిమిదేళ్ళ ఏడు నెలలు నిండకపోతే దరఖాస్తే చెల్లదు. బాల్యవివాహాన్ని ఆపలేని రాజ్యం, ఆ పిల్ల కడుపు మాడ్చి శిక్షిస్తోంది.

ఇంకోవైపు చూడండి. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, కొలువు చేసే ఆడవాళ్ళకు జీతంతో 26 వారాల సెలవిచ్చారు. న్యాయమే. దాన్ని ఉచితమని ఎవరూ ఎగతాళి చేయరు. మరి మిరపకాయలు కోసే కూలికి, నాలుగిళ్ళలో అంట్లు తోమే పనమ్మాయికి? అదే 26 వారాలకు 5,000ను పంచి చూడండి. రోజుకు 27 రూపాయలు! ఈ ముష్టికే ఉచితాలతో ఖజానా గుల్లవుతోందని టీవీల ముందు గగ్గోలు.

డబ్బు లేదని బొంకకండి. పక్కనున్న తమిళనాడు డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పేరిట 18,000 రూపాయల సాయం పెట్టింది. తెలంగాణ 2017లో కేసీఆర్ కిట్ మొదలుపెట్టినప్పుడు, సర్కారు దవాఖానాలో కాన్పయితే మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 ప్రకటించింది. ఢిల్లీకి లేనిది డబ్బు కాదు, మనసు.

రేపటి కూలీని, సైనికుణ్ణి, ఓటరును కని పెంచుతున్నది ఆ తల్లే. ఆమెకిచ్చేది దానం కాదు, బాకీ. ప్రతి కాన్పుకూ ఇవ్వండి. కడుపుతో ఉన్నప్పుడే ఇవ్వండి. 2013 నాటి మొత్తాన్ని నేటి ధరలకు తగ్గట్టు పెంచండి. కాన్పు ఆస్పత్రిలో నమోదవుతూనే ఉంది కదా, కాగితాలు మీరే కలుపుకోండి, తల్లిని తిప్పకండి.

ఓటుకోసం గడప తొక్కే ప్రతివాణ్ణీ అక్కడే నిలబెట్టి అడగండి: చట్టం రాసిచ్చిన మా ఆరువేలు ఏవి?